ఆవు మీద గోమారి లేదు, జబ్బు మాత్రం గోమారిదే

హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవు, రెండో ఈత, ఈని ఇరవై రోజులు, బరువు సుమారు 350 కిలోలు. నా రిజిస్టర్‌లో ఈ కేసు మొదటి లైను ఇది. దాని కిందే "గోమార్లు (పిడుదులు): లేవు" అని నా చేతిరాతతో ఉంది. ఆ మాటను తర్వాత కొట్టేయలేదు, ఉండనీ అని వదిలేశాను. ఈ కేసు రాయడానికి కారణం కూడా అదే.

ఊరు పరకాల వైపు. ఆ ఇంట్లో పాలిచ్చే ఈ ఆవు, ఏడాది దాటిన ఒక సంకర పడ్డ, ఆవుకు పుట్టిన లేగదూడ, ఒక ముర్రా బర్రె, ఒక జత నాటు ఎడ్లు ఉన్నాయి. పాత కొట్టం. మూడు వైపులా మట్టిగోడ, పైన రేకులు. ఆవును రెండేళ్ల కింద కర్ణాటకలోని చింతామణి వైపు నుంచి తెచ్చారు. జూన్ రెండో వారంలో వానలు పడ్డాయి, ఆవు ఆ తర్వాత వారానికి ఈనింది. ఈ వరుస మొదట నాకు పట్టలేదు.

జూలై 5 పొద్దున రైతు ఫోన్ చేశాడు. "సారూ, ఆవు ఒళ్లు కాలిపోతున్నది. నిన్నటిసంది మేత ముడ్తలేదు. పన్నెండు లీటర్లిచ్చేది ఇయ్యాల నాలుగు గూడ ఇయ్యలే."

ఆ వారం చుట్టుపక్కల మూడు రోజుల జ్వరం బాగా నడుస్తోంది. దోమల వల్ల వచ్చే వైరస్ జబ్బు అది. ఒళ్లు కాలుతుంది, పశువు కుంటుతుంది, మూడో రోజుకు లేచి మేత తింటుంది. "కుంటుతున్నదా అన్నా?" అని అడిగాను. "సరిగ్గ నడుస్తలేదు సారూ" అన్నాడు. నీరసంతో నడవకపోవడం వేరు, కీళ్ల నొప్పితో కుంటడం వేరు. ఆ తేడా అడగకుండా నాకు కావలసిన జవాబే విన్నాను. జ్వరం తగ్గే ఇంజక్షన్, దాంతోపాటు ఒక ఆక్సీటెట్రాసైక్లిన్ వేయమని ఊళ్లో పశువులకు ప్రథమ చికిత్స చేసే గోపాలమిత్రకు ఫోన్‌లోనే చెప్పాను. అతను చెప్పినట్టే వేశాడు. అందులో అతని తప్పేమీ లేదు.

మూడు రోజుల జ్వరమైతే 8వ తేదీకల్లా తగ్గాలి. తగ్గలేదు. అప్పుడు బండి తీశాను.

జూలై 8

జ్వరం 106.4. మామూలుగా ఆవుకు 101.5 దగ్గర ఉంటుంది. ఊపిరి వేగంగా, పైపైన తీస్తోంది. కళ్లవెంట నీరు, అప్పుడప్పుడు దగ్గు. రెప్ప తిప్పి చూస్తే లోపల ఎరుపు లేదు, తెల్లగా పాలిపోయి అంచులకు కాస్త పసుపు ఉంది. భుజం ముందు చెయ్యి పెట్టగానే కథ మారింది. అక్కడి లింఫ్ గ్రంథి కోడిగుడ్డంత అయి వేళ్ల కింద జారుతోంది. మనకు గజ్జల్లో బిళ్ల కట్టినట్టే, ఆవుకు భుజం ముందు బిళ్ల కట్టింది. తొడ ముందు గ్రంథి కూడా అంతే.

మూత్రం రంగు అడిగాను. "మామూలే" అంది రైతు భార్య. ఎర్రగానో, కాఫీ రంగులోనో పోస్తోందంటే బెబీసియా వైపు వెళ్లేవాణ్ని. అది కూడా గోమారి జబ్బే, కానీ దాని దారి వేరు. వాన మొదలైన నెలకు, సంకర ఆవుకు, ఈనిన కొత్తలో జ్వరం, బిళ్లలు, రక్తం లేకపోవడం మూడూ కలిసి వచ్చాయంటే మా ప్రాంతంలో ముందు అనుమానించాల్సింది గోమారి కుట్టి ఎక్కించే థైలేరియా క్రిమినే. దాన్ని నేను మూడు రోజులు ఆలస్యంగా అనుమానించాను.

చెవుల లోపల, తోక కింద, పొదుగు వెనక, గంగడోలు మడతల్లో వెతికాను. ఒక్క గోమారీ దొరకలేదు. "ఎట్ల దొరుకుతయ్ సారూ? రోజు పాలు పిండేముందు నేనే ఏరుత. ఒక్కటి ఉండనియ్య" అంది ఆమె. ఆ మాటలో అబద్ధం లేదు. నేను రిజిస్టర్‌లో "లేవు" అని రాసుకున్నాను.

చెవి నుంచి చుక్క రక్తం రెండు గాజు పలకల మీద పరిచాను. భుజం బిళ్లలో సూది గుచ్చి వచ్చిన రసాన్ని మరో పలక మీద పూశాను. పలకలు సాయంత్రం చూడొచ్చు, మందుకు సాయంత్రం దాకా ఆగే వీలు లేదు. బుపార్వాక్వోన్ కిలో బరువుకు రెండున్నర మిల్లీగ్రాముల లెక్కన పదిహేడున్నర మిల్లీలీటర్లు తీసి, మెడకు రెండు వైపులా లోతుగా కండలో ఇచ్చాను. ఒకే చోట పది మిల్లీలీటర్లకు మించితే వాపు వస్తుంది. ఖరీదైన మందు, రైతు ముఖం చూస్తూ సీసా విప్పాల్సిన మందు. రెండు రోజుల పాలు కేంద్రానికి పోయొద్దని చెప్పాను. "పొయ్యడానికి పాలేడున్నయ్ సారూ" అన్నాడు.

సాయంత్రం జీమ్సా రంగు వేసి చూస్తే పలకలు బిళ్ల చెప్పిన మాటే చెప్పాయి. పది ఎర్రకణాల్లో మూడింట చిన్న ఉంగరాలు, కామా గుర్తుల్లాంటి ఆకారాలు. బిళ్ల రసంలో తెల్లకణాల నిండా నీలి ముద్దలు. వీటిని కోక్ నీలి ముద్దలు అంటారు, క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కోక్ పేరే. హిమోగ్లోబిన్ 5 గ్రాములు, ఆవుకు కనీసం 8 ఉండాలి.

ఆవు ఒంట్లో ఏం జరుగుతోంది

ఈ జబ్బులో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది థైలేరియా తెల్లకణంలో చేసే పని. గోమారి ఉమ్మితో లోపలికి వచ్చిన క్రిమి లింఫ్ కణంలోకి దూరుతుంది. మలేరియా క్రిమిలా కణాన్ని పగలగొట్టుకొని బయటికి రాదు. కణానికి ఆగకుండా విభజన చెందమని ఆర్డర్ వేస్తుంది. కణం రెండైతే క్రిమి కూడా రెండు భాగాలై చెరోదాంట్లో సర్దుకుంటుంది. అంటే ఆ తెల్లకణాలు కొన్ని రోజులు అచ్చం క్యాన్సర్ కణాల్లా పెరుగుతాయి. మన చేతికి తగిలే బిళ్ల అదే. బుపార్వాక్వోన్ క్రిమిని చంపగానే ఆ కణాలు మళ్లీ మామూలు దారికి వస్తాయి. క్యాన్సర్‌లా పెరిగే కణం ఒక ఇంజక్షన్‌తో వెనక్కి తిరగడం ఇంకెక్కడా చూడలేదు నేను.

ఆ దశ దాటాక క్రిమి ఎర్రకణాల్లోకి వస్తుంది. ఉంగరాలు అప్పుడే కనిపిస్తాయి. వాటిని పట్టుకున్న ఎర్రకణాలను ఆవు శరీరమే నాశనం చేసుకుంటుంది, రక్తం తగ్గేది అందుకే. గోమారి కుట్టిన దగ్గర్నుంచి జ్వరం దాకా సాధారణంగా పది నుంచి ఇరవై అయిదు రోజులు పడుతుంది. వానలు పడ్డ రోజుకు రెండు, మూడు వారాలు కలిపి చూడండి, సరిగ్గా జూలై మొదటి వారానికి వస్తుంది. ఈ లెక్క నాకు 8వ తేదీ రాత్రి తట్టింది. మరి ఆ గోమారి ఎక్కడ అన్న ప్రశ్న మాత్రం తట్టలేదు.

జూలై 10

జ్వరం 103కి దిగింది, ఆవు నాలుగు పోచలు గడ్డి కొరికింది. రక్తం మాత్రం ఇంకా పడిపోయింది, హిమోగ్లోబిన్ 3.8. మందు క్రిమిని చంపుతుంది గానీ పోయిన ఎర్రకణాలను వెనక్కి తేదు. గుండె కొట్టుకోవడం దూరం నుంచే కనిపిస్తోంది. ఇక రక్తం ఎక్కించక తప్పదు.

ఇచ్చేదెవరు? నాటు ఎద్దు. రైతుకు మింగుడు పడలేదు. పత్తిలో గుంటుక తోలే సమయం. "రక్తం దీస్తే ఎద్దు పనికొస్తదా సారూ?" మూడు లీటర్లు తీస్తే నాలుగు వందల కిలోల ఎద్దుకు ఏమీ కాదు, మూడు రోజులు కాడి కట్టకు అన్నాను. ఆవులకు మొదటిసారి రక్తం ఎక్కించేటప్పుడు గ్రూపు కలవకపోయినా సాధారణంగా ప్రమాదం ఉండదు, రెండోసారికే భయపడాలి. ఎద్దు రక్తం కూడా ఒక పలక మీద పరిచి, వెంట తెచ్చుకున్న మైక్రోస్కోపుతో అయిదు నిమిషాలు చూశాను. ఏమీ కనపడలేదు. ఆ పలకను డబ్బాలో పెట్టేసుకున్నాను.

సోడియం సిట్రేట్ పోసిన సీసాల్లోకి మెడ సిర నుంచి రక్తం పట్టాం. గడ్డకట్టకుండా సీసా మెల్లగా తిప్పే పని రైతు కొడుకుది. ఆవుకు మొదటి పది నిమిషాలు చుక్కచుక్కగా ఎక్కించి, ఒణుకు, దద్దుర్లు, దగ్గు ఏమైనా వస్తాయేమో చూసి, ఆ తర్వాత వేగం పెంచాను. మూడో సీసా సగానికి ఆవు చెవులు ఆడించింది. అది ఏ పుస్తకంలోనూ లేని లక్షణం, కానీ చాలామంది పశువైద్యులు దాని కోసమే ఎదురు చూస్తారు.

ఆ సందడిలో రైతు భార్య అంది, "లేగ గూడ పాలు తాగుతలేదు సారూ, తల్లికి బాగలేదని దిగులు పెట్టుకున్నట్టుంది."

దూడను మొన్న వచ్చినప్పుడు నేను చూడనేలేదు. తల్లి జ్వరంతో ఉందని దాన్ని కొట్టం వెనక మూల, గోడకు ఆనించి ఉన్న గుంజకు కట్టారు. దగ్గరికి వెళ్లి చూస్తే దాని కళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. రెప్పల లోపల సూదిమొనంత ఎర్రటి చుక్కలు. ఇరవై రోజులు దాటిన దూడకు భుజం బిళ్ల నిమ్మకాయంత. చెవి లోపల మాత్రం రెండు గోమార్లు. ఆమె పాలు పిండే ఆవును ఏరింది, దూడను ఎందుకు ఏరుతుంది?

వాటిని చిమటాతో తీసి ఎండలో పెట్టి చూశాను. ముదురు గోధుమ రంగు, పొడుగాటి మూతి, కాళ్లకు పట్టీలు పెట్టుకున్నట్టు తెల్లని చుట్లు. హయలోమా. మన పశువుల మీద గుంపులుగా ఉండే పొట్టి మూతి గోమారి ఇది కాదు. ఆ పొట్టి మూతిది పిల్లగా ఎక్కిన పశువు మీదే పెరిగి పెద్దదవుతుంది, దిగేది గుడ్లు పెట్టడానికే. హయలోమా అట్లా కాదు. కాస్త తాగి దిగుతుంది, ఎక్కడో దాక్కొని తోలు విడుస్తుంది, మళ్లీ ఎక్కుతుంది. దాని బతుకులో ఎక్కువ కాలం పశువు మీద కాదు, పశువు పక్కన గడుస్తుంది.

దూడను కట్టిన గుంజ వెనక గోడకు పై నుంచి కింది దాకా నెర్రె పారింది. ఆ నెర్రె దగ్గర మూతి పెట్టి రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి ఊదాను. రైతు నన్ను విచిత్రంగా చూశాడు. గోమారికి ముందు కాళ్ల చివర వాసన పట్టే చిన్న గుంట ఉంటుంది, మన ఊపిరిలోని బొగ్గుపులుసు గాలిని దానితోనే పసిగడుతుంది. అర నిమిషం పట్టలేదు. నెర్రె లోంచి ఒకటి, దాని వెనక మూడు, తర్వాత లెక్కపెట్టడం మానేశాను. ముందు కాళ్లు గాల్లోకి ఎత్తి ఊపుకుంటూ బయటికి వచ్చాయి. "అమ్మో, గోడల్నే కాపురం పెట్టినయ్" అని ఆమె వెనక్కి జరిగింది.

"ఏరినవాటిని ఏం చేస్తవ్ అక్కా?" అని అడిగాను. కొన్ని గోటితో నలుపుతుందట, మిగతావి పెంటకుప్పలో పారేస్తుందట. నిండా తాగిన ఆడ గోమారి అచ్చం ఆముదపు గింజలా ఉంటుంది. లాటిన్‌లో రెంటికీ ఒకటే పేరు, రిసినస్. ఆ గింజను పెంటకుప్పలో వేస్తే చావదు, వేల గుడ్లు పెట్టి అప్పుడు చస్తుంది. గోటితో నలపడం ఇంకా వద్దన్నాను. 2011లో గుజరాత్‌లో మనుషులకు కాంగో జ్వరం వచ్చింది, ఆ వైరస్‌ను మోసేది కూడా ఈ హయలోమా జాతే. భయపెట్టడానికి కాదు, చేతికి కవరు తొడుక్కొని, ఏరినవాటిని కిరసనాయిలు డబ్బాలో వేయడానికి ఖర్చేముంది?

గోడ చూశాక

దూడకు బుపార్వాక్వోన్ ఒకటిన్నర మిల్లీలీటర్లు ఇచ్చాను, గ్లూకోజ్ పెట్టాను. 12వ తేదీ తెల్లవారుజామున చనిపోయింది. కోసి చూస్తే నాలుగో పొట్ట లోపలి గోడ మీద పంచ్ కొట్టినట్టు గుండ్రటి పుండ్లు. ప్లీహం ఉబ్బి ఉంది. 8వ తేదీన నేను కొట్టమంతా తిరిగి ఉంటే దూడకు రెండు రోజులు ముందు మందు పడేది. బతికేదని చెప్పలేను, అవకాశం మాత్రం దక్కేది.

ఆవుకు 11న రెండో డోసు ఇచ్చాను. ఇనుము, బి12, కాలేయానికి టానిక్ నడిచాయి. 15వ తేదీకి జ్వరం లేదు, నెమరు వేస్తోంది.

పడ్డకు రోజూ రెండు పూటలా జ్వరం చూడమని థర్మామీటర్ ఇచ్చి వచ్చాను. 18న "సారూ, 104 ఉన్నది" అని ఫోన్. అదే రోజు వెళ్లి మందు వేశాను. బిళ్ల అప్పుడే చింతగింజంత, రక్తంలో ఉంగరాలు ఇంకా లేవు, బిళ్ల రసంలో నీలి ముద్దలు ఉన్నాయి. ఒక్క డోసుతో నాలుగు రోజుల్లో తేరుకుంది. ఒకే జబ్బు, ఒకే మందు. తేడా అంతా ఎన్నో రోజున వేశామన్నదే.

ఇక గోడ. డెల్టామెత్రిన్ లీటరు నీటికి రెండు మిల్లీలీటర్లు కలిపి పశువులన్నింటికీ, ఎడ్లు, బర్రెతో సహా, పొద్దు పొడవగానే ఒళ్లంతా తడిచేలా కొట్టించాం. పదిహేను రోజులకు మళ్లీ. పశువు నాకకుండా ఆరేదాకా మూతికి చిక్కం. ఎప్పుడూ ఇదే ఒక్క మందు కొడుతూ పోతే గోమార్లు దానికి అలవాటు పడతాయి, కాబట్టి వచ్చే సీజన్‌కు అమిత్రాజ్ వాడమని చెప్పాను. ఐవర్‌మెక్టిన్ సూది వేయమని రైతు అడిగాడు, అందరూ అడుగుతారు. మనం తాగడానికో అమ్మడానికో పాలు పిండే పశువుకు అది వద్దు, పాలలోకి వస్తుంది.

ఒంటి మీద కొట్టి గోడను వదిలేస్తే పైసలు దండగ. రైతు కొడుకు గ్యాస్ బర్నర్ తెచ్చి నెర్రెలన్నింటినీ మంటతో కాల్చాడు. ముందు రేకుల కింది గడ్డి తీసేసి, పక్కన రెండు బిందెల నీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత సిమెంటుతో పూడ్చి సున్నం కొట్టారు. గుంజల మొదళ్లకు కూడా. పెంటకుప్పను కొట్టానికి దూరంగా మార్చారు. ఇంట్లో నాలుగు నాటుకోళ్లు ఉన్నాయి, వాటిని కొట్టంలోకి రానీయరట, దాణా చెడగొడతాయని. రానివ్వమన్నాను. కోళ్లు గోమార్లను ఏరుకు తింటాయి, జీతం అడగవు.

రైతు ఒక మాట అన్నాడు: "బర్రెకు గాలే, ఎడ్లకు గాలే. ఈ జెర్సీలకే ఎందుకొస్తది సారూ? వీటితోనే వచ్చిందా రోగం?" ఊళ్లో సంకర ఆవులన్నీ జెర్సీలే, చాలామందికి ఇదే నమ్మకం. నిజానికి క్రిమి ఇక్కడే ఉంది, తరాలుగా ఉంది. నాటు పశువు చిన్నప్పుడే దాన్ని అంటించుకొని, పెద్దగా జబ్బు పడకుండా ఒంట్లో మోస్తూ తిరుగుతుంది. సంకర ఆవుకు ఆ ఓర్పు లేదు. గోమారి గుడ్ల ద్వారా థైలేరియా పిల్లలకు రాదు, ప్రతి తరం గోమారీ క్రిమిని ఏదో పశువు నుంచి కొత్తగా తెచ్చుకోవాల్సిందే. బెబీసియా అయితే తల్లి గోమారి నుంచి గుడ్లలోకే పోతుంది. అంటే ఆ కొట్టంలో క్రిమిని పిల్ల గోమార్లకు అందించినది ఏదో ఒక పశువే.

టీకా ఉంది, రక్షావాక్-టి, హైదరాబాద్‌లోనే తయారవుతుంది. మూడు మిల్లీలీటర్లు చర్మం కింద, రెండు నెలలు దాటిన దూడల నుంచి వేయొచ్చు, నిండు చూలుతో ఉన్నవాటికి వేయరు. ద్రవ నత్రజనిలో ఉంచాలి, కరిగించాక వెంటనే వాడేయాలి. కాబట్టి ఒక ఇంటి ఆవు కోసం కాదు, నాలుగైదు ఇళ్ల పశువులను ఒకే రోజు పోగు చేయాలి. జబ్బు పడి లేచిన ఈ ఆవుకూ పడ్డకూ ఇప్పుడు దాని అవసరం లేదు. ఆ వీధిలో మరో ఆరు సంకర పశువులకు ఆగస్టులో వేశాం.

ఆగస్టు మొదటి వారానికి ఆవు తొమ్మిది లీటర్లకు వచ్చింది. పన్నెండుకు ఆ ఈతలో ఇక రాలేదు. రక్తంలో ఉంగరాలు అక్కడొకటి ఇక్కడొకటి మిగిలాయి, మిగులుతాయి కూడా. అది ఇక జబ్బు లేకుండా క్రిమిని మోసే పశువు.

సెప్టెంబరులో ఒక వాన రోజు కేసులు లేక డబ్బాలోని పాత పలకలు సర్దుతుంటే ఎద్దుది బయటపడింది. ఆ రోజు అయిదు నిమిషాలు చూసి ఏమీ లేదన్నది. ఈసారి చాయ్ పక్కన పెట్టుకొని ముప్పావు గంట చూశాను. పలక అంచున, మూడు వందల కణాలకు ఒకటి చొప్పున, ఉంగరాలు. ఆవుకు ఎక్కించిన మూడు లీటర్లలోనూ అవి ఉన్నాయి. బుపార్వాక్వోన్ అప్పటికే ఒంట్లో ఉంది కాబట్టి నష్టం జరగలేదు. ఆవును నిలబెట్టిన రక్తం దానిదే, ఆ గోడలోని గోమార్లకు ఏళ్లుగా క్రిమిని అందిస్తున్నవాటిలోనూ బహుశా అది ఒకటి. రైతుకు చెప్పాను. కాసేపు ఊరుకొని, "అయితే ఎద్దును ఏం జెయ్యాలె?" అన్నాడు. ఏమీ చేయనక్కర్లేదన్నా, దాని పక్క గోడ మాత్రం చూస్తూ ఉండు అన్నాను.